గోల్కొండ రాజమాత హయాత్ బక్షీ బేగం: ప్రశస్తి, అపవాదు, ఐతిహ్యం

శంషాబాద్ విమానాశ్రయం నుంచి నగరానికి వచ్చేవారు ఆరాంఘర్ వద్ద పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి, 11.6 కిలోమీటర్ల దూరం దాటి మెహదీపట్నం వద్ద దిగుతారు. దానికి సమీపంలోనిదే మాసాబ్ ట్యాంక్. 'మా సాహెబా' చెరువు అన్నది దాని అసలు పేరు. ఆ మా సాహెబా గోల్కొండ రాజమాత హయాత్ బక్షీ బేగం. శంషాబాద్ పేరును పైగా ప్రభువుల షమ్స్-ఉల్-ఉమ్రా బిరుదుతో అన్వయించడం పరిపాటి. అక్కడ ప్రభువు బిరుదు పోల్చదగినంత స్పష్టంగా నిలిచింది. ఇక్కడ తల్లి పిలుపు వాడుకలో కరిగిపోయింది.

ముహమ్మద్ కులీ కుతుబ్‌షా కుమార్తె, సుల్తాన్ ముహమ్మద్ భార్య అయిన ఈమె, 1626లో భర్త మరణించగా పన్నెండేళ్లు నిండని కుమారుడు అబ్దుల్లా పక్షాన పాలన చేపట్టింది. కుమారుడు ఎదిగిన తరువాత కూడా ఆమె మాటకు చెల్లుబాటు తగ్గలేదు. 1656లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించినప్పుడు, రాజు నలభయ్యేళ్లు దాటినవాడైనా, శత్రుశిబిరానికి వెళ్లి సంధి మాట్లాడినది తల్లి. కోటి రూపాయల ధనంతోపాటు, ఔరంగజేబు కుమారుడు ముహమ్మద్ సుల్తాన్‌తో మనుమరాలి వివాహం సంధి షరతులలో చేరింది. రాజ్యం నిలిచింది, మనుమరాలు కోట విడిచింది.

ఈ ఆధిపత్యానికి మూడు రకాల సాక్ష్యాలున్నాయి. నిజాముద్దీన్ అహ్మద్ రచించిన 'హదీఖతుస్సలాతీన్' ఆస్థాన చరిత్ర. ప్రశస్తి దాని సహజధర్మం. ఫ్రెంచి యాత్రికుడు బెర్నియర్ రాజమాతకూ మీర్ జుమ్లాకూ అనుచిత సంబంధాన్ని అంటగట్టాడు. అయితే అతడు ఈ దేశానికి వచ్చింది 1656 సంఘటనలు ముగిసిన తరువాత. అతని కథనం వినికిడి మాత్రమే. మీర్ జుమ్లా తిరుగుబాటుకు అతని కర్ణాటక సంపద, కుమారుడు ముహమ్మద్ అమీన్ నిర్బంధం చాలిన కారణాలు. ఇక భాగమతియే ఈమె తల్లి అన్నది జనశ్రుతి. భాగమతి చారిత్రకతనే హెచ్.కె. షేర్వానీ నిరాకరించగా, నరేంద్ర లూథర్ సమర్థించారు.

ఆస్థానం ఆమెను దోషరహితగా, యాత్రికుడు దోషిగా, ఐతిహ్యం రహస్యసంతానంగా చిత్రించాయి. ఈ మూడింటిలోనూ ఆమె స్వరం వినబడదు. ఆమె అధికారానికి సంఘటనలు సాక్ష్యం. ఆమె రహస్యాలకు వదంతులే సాక్ష్యం. రెండింటినీ ఒకే త్రాసులో తూచినప్పుడు రాజనీతిజ్ఞురాలైన తల్లి కుట్రదారుగా మారిపోతుంది. 1667లో మరణించేదాకా, అంటే కుమారుని పాలనలో నలభై ఏళ్లకు పైగా, ఆమె ప్రభావం కొనసాగింది. దానిని కొలవవలసినది ఆమె సాధించిన సంధులతో, అందుకు ఇతరులు చెల్లించిన మూల్యంతో.