పట్నం నక్క: తోటమాలికి చుట్టమా, దొంగా?



ఎవరికైనా అనుకోకుండా కలిసి వస్తే "నక్క తోక తొక్కి వచ్చావురా" అంటాము. అదే నోటితో మాయమాటలు చెప్పేవాణ్ణి "జిత్తులమారి నక్క" అని తిడతాము. అంటే నక్క మనకు మంచిదో చెడ్డదో మన సామెతల్లోనే తేలలేదన్న మాట. ఈ తగవు మన ఊళ్ళకే పరిమితం కాదు. ఇంగ్లండు దేశంలో, అందులోనూ లండను, బ్రిస్టల్ వంటి మహా పట్టణాల్లో, ఇళ్ళ వెనుక తోటలు పెంచుకునే వాళ్ళ మధ్య ఇది సుమారు తొంభై ఏళ్ళుగా నడుస్తున్నది. అంత కాలం నడిచిన వ్యాజ్యంలో సాక్ష్యం బాగా పోగుపడుతుంది. ఆ సాక్ష్యం మన పొలానికీ పెరటికీ ఎంతవరకు పనికివస్తుందో చూద్దాము.

ముందు ఏ నక్క సంగతి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. తెలుగునాట నక్క అంటే రాత్రిళ్ళు గుంపుగా ఊళ పెట్టేది. అది కుక్కకూ తోడేలుకూ దగ్గరి చుట్టం. గుంటనక్క వేరు. అది చిన్నది, బక్కపలుచనిది, మెట్ట బీళ్ళలో బొరియ తవ్వుకొని ఉంటుంది. ఇంగ్లండు పట్టణాల్లో తిరిగేది ఎర్రనక్క. ఇది మన గుంటనక్క జాతిదే, కాకపోతే దానికి పెద్దన్న వంటిది. ఒళ్ళంతా ఎర్రని బొచ్చు, గుబురు తోక, తోక చివర సాధారణంగా తెలుపు ఉంటాయి.

ఇది పట్టణంలోకి ఎట్లా వచ్చింది? నిజం చెప్పాలంటే నక్క పట్నానికి రాలేదు, పట్నమే నక్క దగ్గరకు వెళ్ళింది. మొదటి ప్రపంచ యుద్ధానికీ రెండవ యుద్ధానికీ నడుమ, అనగా 1919 నుండి 1939 వరకు, ఆ దేశంలో సుమారు నలభై లక్షల కొత్త ఇళ్ళు లేచాయి. పట్టణాల అంచున ఉన్న పొలాలన్నీ ఇళ్ళ స్థలాలైపోయాయి. ఆ ఇళ్ళు ఇరుకైనవి కావు. రెండేసి ఇళ్ళు కలిపి కట్టి, ప్రతి ఇంటికీ ముందు కొంత, వెనుక చాలా జాగా వదిలారు. ఆ జాగాలో పచ్చిక, పూలు, కూరగాయలు, పండ్ల చెట్లు, మూలన పనిముట్లు పెట్టుకునే చెక్క కొట్టం ఉండేవి. నక్కకు ఇంతకంటె ఏమి కావాలి? కొట్టం కింద బొరియ పెట్టుకుంటే వాన తగలదు. పచ్చికలో వానపాములు, చెత్తబుట్టలో మిగిలిన తిండి, శరదృతువులో రాలిన పండ్లు దొరుకుతాయి. కనుక 1930 తరువాత దక్షిణ ఇంగ్లండు పట్టణాల్లో నక్క క్రమంగా కాపురం పెట్టింది.

ఇంతలో రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. ఓడల మీద తిండి దిగుమతి కష్టమైంది. తవ్వి పండించండి, గెలవండి అని 1939లో ప్రభుత్వం పిలుపునిచ్చింది. పూలమొక్కలు పోయి ఉల్లి, బంగాళాదుంప, క్యాబేజీ వచ్చాయి. గుడ్ల మీద రేషను ఉన్నది గనుక ఎంతోమంది పెరట్లో నాలుగు కోళ్ళు పెంచుకున్నారు. రేషను కాలం 1954 దాకా సాగింది. అట్టి రోజుల్లో గూట్లోని కోళ్ళు ఒక్క రాత్రిలో పోతే ఆ ఇంటికి ఎంత నష్టమో మీకు నేను చెప్పనవసరం లేదు. గుడ్ల కోసం కోడిని నమ్ముకున్న ఇల్లాలి బాధ ఏ దేశంలోనైనా ఒకటే.

యుద్ధం నాటి నుండి కొన్ని దశాబ్దాల పాటు లండను చుట్టుపక్కల నక్కలను పట్టి చంపే పని అధికారికంగానే సాగింది. బోనులు పెట్టారు, తుపాకులతో కాల్చారు. కాలు విరగగొట్టే పళ్ళ ఉచ్చులను 1958లో చట్టం నిషేధించింది. ఇంత చేసినా నక్కలు తగ్గలేదు. 1980ల నాటికి చాలా పురపాలక సంఘాలు ఆ పని మానుకున్నాయి. ఎందుచేత? నక్క ఒక హద్దు గీసుకొని ఉండే జంతువు. ఒకదాన్ని చంపితే దాని జాగా ఖాళీ అవుతుంది. పిల్లలు మార్చి ప్రాంతంలో పుట్టి, చలికాలానికి ఎదిగి, సొంత జాగా కోసం తిరుగుతూ ఉంటాయి. ఖాళీ కనబడగానే వాటిలో ఒకటి వచ్చి చేరుతుంది. చెరువు నుండి కాలవ తెరిచి ఉంచి, మడిలో నీళ్ళు కడవతో తోడినట్టు అన్న మాట. తోడినవాడికి నడుము నొప్పి మిగిలింది, మడి ఎండలేదు.

ఇక జమా ఖర్చులు చూద్దాము. మొదట ఖర్చు పద్దు.

ఒకటి, కోళ్ళు, పెంపుడు కుందేళ్ళు. గూడు గట్టిగా లేకపోతే నక్క తప్పక వస్తుంది. తినేది ఒక కోడినే అయినా గూట్లో ఉన్నవన్నీ చంపుతుంది. దీన్ని జనం దుర్మార్గం అంటారు. కారణం అది కాదు. బయట అయితే ఒక పక్షిని పట్టేసరికి మిగిలినవి ఎగిరిపోతాయి. గూట్లో పారిపోవడానికి దారి లేదు. కళ్ళ ముందు రెక్కలు కొట్టుకుంటున్నంత సేపూ నక్క పడుతూనే ఉంటుంది. వీలు చిక్కితే మిగిలినవాటిని ఒక్కొక్కటిగా తీసుకుపోయి, తరువాత తినడానికి మట్టిలో పాతిపెడుతుంది.

రెండు, తవ్వడం. ఎముకల పొడి, రక్తపు పొడి, చేపల పొడి ఎరువుగా వేసిన మడిలో ఏదో కళేబరం పాతి ఉన్నదని దాని ముక్కు చెబుతుంది. రాత్రికి రాత్రి మడి గుల్ల అవుతుంది, నారు పైకి వస్తుంది. మూడు, కొట్టం కింద బొరియలు, పచ్చిక మీద పెంట. నాలుగు, జనవరి మాసంలో జత కట్టే వేళ పెట్టే అరుపులు. ఆ కేక విన్న కొత్తవాడు ఎవరినో గొంతు పిసుకుతున్నారనుకొని లేచి కూర్చుంటాడు.

ఇప్పుడు జమ పద్దు. పచ్చిక వేళ్ళను కొరికే పెంకుపురుగు పిల్లలను నక్క తవ్వుకొని తింటుంది. ఇవి మన వేరుశనగను పాడుచేసే వేరుపురుగుకు చుట్టాలు. చిట్టెలుకలను, అప్పుడప్పుడు పెద్ద ఎలుకలను, పావురాలను పడుతుంది. చచ్చిన పక్షులను ఎత్తివేస్తుంది. పల్లెల్లో కుందేళ్ళను తింటుంది. 1953లో మిక్సోమటోసిస్ అనే జబ్బు సోకి కుందేళ్ళు దాదాపు తుడిచిపెట్టుకుపోయే వరకు, అక్కడి ధాన్యపు రైతుకు కుందేలు పెద్ద శత్రువు. కనుక అక్కడి రైతుల్లో నక్కను మెచ్చినవాళ్ళూ ఉన్నారు.

అయితే ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. నక్క ఉన్నది గనుక ఎలుకల బాధ ఉండదు అనుకుంటే పొరపాటు. బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వారు 1977 నుండి ఆ పట్టణపు నక్కలను ఏళ్ళ తరబడి పరిశీలించారు. పట్టణపు నక్క తిండిలో మనుషులు పారవేసినదీ, ముద్దుగా పిలిచి పెట్టినదీ పెద్ద భాగం. సులువుగా తిండి దొరికే చోట ఎలుకను వెంటాడవలసిన పని దానికి లేదు. ఆపైన ఎలుక ఈనే వేగం ఎక్కడ, ఏడాదికి ఒక్క ఈత ఈనే నక్క ఎక్కడ? ఎలుక పోవాలంటే ధాన్యం మూత పెట్టాలి, బొరియ మూయాలి. ఆ పని నక్కకు అప్పగించి మనం పడుకుంటే కుదరదు.

1994లో బ్రిస్టల్ నక్కలకు గజ్జి సోకింది. కంటికి కనిపించనంత చిన్న పురుగు చర్మంలో దూరి తెచ్చే జబ్బు ఇది. ఒకదాన్నొకటి రాసుకొని తిరిగేటంత దట్టంగా ఉన్నవి గనుక దావానలంలాగా వ్యాపించింది. నూటికి తొంభై అయిదుకు పైగా చచ్చిపోయాయి. బోనులూ తుపాకులూ చేయలేని పని ఒక పురుగు చేసింది. అయినా బ్రిస్టల్‌లో నక్క అంతరించలేదు. మెల్లగా, ఏళ్ళ మీద మళ్ళీ పెరిగింది. 2017లో ప్రకటించిన ఒక అంచనా ప్రకారం ఇంగ్లండు పట్టణాల్లో సుమారు లక్షా యాభై వేల నక్కలు ఉన్నాయి.

ఇంత జరిగినా అక్కడివారు నక్కతో సర్దుకుపోగలుగుతున్నారంటే దానికి ఒక ముఖ్య కారణం ఉన్నది. ఆ దేశపు నక్కల్లో పిచ్చికుక్క వ్యాధి, అనగా రేబిస్, లేదు. కుక్కల్లో ఉన్న రేబిస్‌ను 1922 నాటికి వారు నిర్మూలించారు. సముద్రం అవతల యూరపు ఖండంలో మాత్రం రెండవ యుద్ధం తరువాత నక్కల ద్వారానే ఆ వ్యాధి పడమరకు పాకింది. 1978లో స్విట్జర్లాండు వారు ఒక కొత్త ఉపాయం చేశారు. కోడి తలల్లో టీకా మందు పెట్టి నక్కలు తిరిగే చోట వేశారు. నక్కను చంపి రోగాన్ని ఆపలేకపోయిన చోట, నక్కకు టీకా వేసి ఆపగలిగారు. చుట్టుపక్కల దేశాలు కూడా ఆ దారినే నడిచాయి.

సోదరులారా, మన సంగతి అట్లా కాదు. మన దేశంలో రేబిస్ ఇంకా ఉన్నది. పట్టపగలు బెదురు లేకుండా ఊళ్ళోకి వచ్చే నక్కనూ, తూలుతూ మీద పడే నక్కనూ కర్రతో తరమబోవద్దు. పిల్లలనూ పశువులనూ లోపలికి తీసుకొని అటవీశాఖ వారికి కబురు పెట్టండి. కరిస్తే పసుపు, కారం, సున్నం పెట్టవద్దు. గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పారే నీటితో పదిహేను నిమిషాలు కడగండి. ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళి టీకా మొదలుపెట్టించుకొని, అన్ని మోతాదులూ పూర్తిచేయండి. వ్యాధి లక్షణాలు కనబడిన తరువాత మనిషిని బ్రతికించడం దాదాపు అసాధ్యం. నాలుగు కోళ్ళ నష్టం ఎట్లాగైనా పూడుతుంది, ఇది పూడేది కాదు.

మన నక్కకూ జమా ఖర్చులు ఉన్నాయి. చెరకు నములుతుంది, మొక్కజొన్న కంకి పీకుతుంది, పుచ్చకాయ కొరుకుతుంది. ఎలుకలనూ పందికొక్కులనూ కూడా తింటుంది. గుంటనక్క ఎలుకలు, చెదలు, రేగుపండ్లు తిని బ్రతుకుతుంది. ఈ రెంటికీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నది. విషపు ఎర వేయడం, చేను చుట్టూ కరెంటు తీగ లాగడం నేరమే కాదు, ప్రమాదం. ఆ ఎర మన కుక్క తింటుంది. ఆ తీగ మీద రాత్రి నీళ్ళు పెట్టడానికి వెళ్ళిన పక్క చేను రైతు కాలు పడుతుంది. ఇక నక్క కొమ్ము ఇంట ఉంటే సిరి కలుగుతుందని సంతలో అమ్మేవాణ్ణి నమ్మకండి. నక్కకు కొమ్ము లేదు.

చేయవలసిన పనులు కొన్నే. పొద్దు గూకక ముందే కోళ్ళను గూట్లో వేసి గడియ పెట్టండి. పలుచని కోళ్ళ వల చాలదు, గట్టి ఇనుప జాలీ వాడండి. జాలీ అంచును అడుగు లోతున పాతి, బయటి వైపుకు మడవండి. తవ్వబోయిన నక్కకు కింద ఇనుమే తగులుతుంది. ఎముకల పొడి వేస్తే పైపైన చల్లక లోతుగా కలపండి, లేదా బాగా మాగిన పశువుల ఎరువు వాడండి. చచ్చిన కోళ్ళనూ దూడలనూ ఊరి చివర పారవేయక లోతుగా పాతిపెట్టండి. నక్కకు తిండి పెట్టి మచ్చిక చేయకండి.

కనుక నక్క తోటకు చుట్టమా, దొంగా అంటే, తలుపు మూసినవాడికి కొద్దిపాటి చుట్టం, తెరిచి ఉంచినవాడికి నిఖార్సయిన దొంగ. లండను వారు కొన్ని దశాబ్దాలు బోనులు పెట్టి నేర్చుకున్నది ఇదే. మనం ఈ సాయంత్రం గూటికి గడియ పెట్టి నేర్చుకోవచ్చు.