రాఖీగఢీ

రాఖీగఢీ హర్యానాలోని హిసార్ జిల్లాకు చెందిన గ్రామం. ఢిల్లీకి వాయవ్యంగా సుమారు 150 కిలోమీటర్ల దూరంలో ఉంది. రాఖీ ఖాస్, రాఖీ షాపూర్ అనే జంట ఊళ్లు ఇందులో కలిసి ఉన్నాయి. ఈ ఇళ్ల కింద, చుట్టుపక్కల పొలాల కింద హరప్పా నాగరికత నాటి మహానగరం ఒకటి పూడిపోయి ఉంది. ఆ నగరం క్రీ.పూ. 2600-1900 మధ్య ఉచ్చదశలో ఉండేది. అంతకుముందు నుంచే ఇక్కడ జనావాసం ఉంది.

పురావస్తు శాఖ మొదట ఏడు దిబ్బలను గుర్తించింది, తర్వాత మరికొన్ని బయటపడ్డాయి. అన్నిటినీ ఒకే నగరంగా లెక్కిస్తే విస్తీర్ణం 350 హెక్టార్లు ఉంటుందని, మొహెంజొదారోను మించుతుందని కొందరి వాదన. దిబ్బలన్నీ ఒకే కాలానివి కావని, నగరం అంత పెద్దది కాదని మరికొందరంటారు. ఈ వివాదం తేలకపోవడానికి ఊరే ఒక కారణం. నాలుగు, ఐదు నంబర్ల దిబ్బల మీద చాలావరకు ఇళ్లే ఉన్నాయి. కాపురాలున్న చోట గునపం దించడం కుదరదు. ఖాళీగా ఉన్న దిబ్బల మీద ఆడవాళ్లు ఏళ్ల తరబడి పిడకలు చరిచి ఎండబెట్టారు, ఎండినవాటిని గూళ్లుగా పేర్చి వానకు తడవకుండా పైన పేడతో మెత్తారు. పశువులను కట్టేసిందీ అక్కడే. వాన వెలిశాక కుండపెంకులు, పూసలు, మట్టిగాజుల ముక్కలు తేలడం ఊరివాళ్లకు కొత్త కాదు.

1997-2000 మధ్య అమరేంద్రనాథ్ నాయకత్వంలో భారత పురావస్తు సర్వేక్షణ శాఖ జరిపిన తవ్వకాల్లో ఇటుక కట్టడాలు, మురుగు కాల్వలు, అగ్నివేదికలు, విలువైన రాళ్లతో పూసలు చేసే పనిచోటు వెలుగు చూశాయి. ఆ తర్వాత పుణేలోని దక్కన్ కాలేజీ తరఫున వసంత్ షిండే బృందం ఏడో దిబ్బ దగ్గరి శ్మశానాన్ని తవ్వింది. ఒక గోతిలో స్త్రీ, పురుషుల అస్థిపంజరాలు పక్కపక్కనే దొరికాయి. పురుషుడి ముఖం ఆమె వైపు తిరిగి ఉంది. దాదాపు నాలుగున్నర వేల ఏళ్ల కిందట వాళ్లను అలా పడుకోబెట్టినవాళ్ల మనసు ఊహించకుండా ఉండలేం.

ఇక్కడి శ్మశానంలోని మరో స్త్రీ అస్థిపంజరం రాఖీగఢీ పేరును ప్రపంచమంతటా వినిపించింది. పరీక్షించిన 61 నమూనాల్లో ఆమెది ఒక్కటే చదవదగ్గ డీఎన్ఏ ఇచ్చింది. వేడి నేలలో డీఎన్ఏ త్వరగా పాడైపోతుంది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్త కె. తంగరాజ్ కూడా పాలుపంచుకున్న ఈ పరిశోధన 2019 సెప్టెంబరులో 'సెల్' పత్రికలో వచ్చింది. మధ్య ఆసియా గడ్డిమైదానాల పశుపాలకుల వారసత్వం ఆమెలో కనిపించలేదు. ఆమెలాంటి వారి వంశధారే నేటి దక్షిణాసియా ప్రజల్లో అతిపెద్ద భాగమని పరిశోధకులు తేల్చారు. ఒక్క మనిషి ఎముక నుంచి నాగరికత మొత్తానికి తీర్పులు చెప్పిన రాజకీయ చర్చల్లో, ఆధారం ఒక్క నమూనాయేనన్న పరిమితి మరుగున పడింది. అది న్యాయం కాదు.

2020 కేంద్ర బడ్జెట్‌లో ప్రత్యేకంగా అభివృద్ధి చేయదలచిన ఐదు పురావస్తు స్థలాల్లో దీన్నీ చేర్చారు. తర్వాత సర్వేక్షణ శాఖ తవ్వకాలు మళ్లీ మొదలుపెట్టింది. దిబ్బల మీది కుటుంబాలను వేరే చోటికి తరలించాలన్న ప్రతిపాదన మాత్రం చాలాకాలంగా నలుగుతోంది. తరతరాలుగా అక్కడే బతికినవాళ్లు ఆక్రమణదారులు కారు. వాళ్లకు ఇల్లు, పశువులకు చోటు, పిడకలు ఎండబెట్టుకునే జాగా ముందుగా చూపించాకే తవ్వకానికి దిగాలి.