దేశం కంటే ముందు పుట్టిన రైలు పటం

1833లో లైప్‌జిగ్ నగరంలో ఒక చిన్న పుస్తకం అచ్చయింది. శాక్సనీ రాజ్యంలో రైలుమార్గం వేయాలి, దాన్ని పునాది చేసుకుని జర్మన్ నేలంతా పట్టాలు పరచాలి అన్నది అందులోని వాదన. దానికి జతగా ఒక పటం. బాసెల్ నుంచి హాంబర్గ్ దాకా, కొలోన్ నుంచి బెర్లిన్ దాకా, దక్షిణాన మ్యూనిక్ దాకా ఊరికీ ఊరికీ మధ్య గీతలు. అప్పటికి ఆ నేల మీద ప్రయాణికుల ఆవిరి బండి ఒక్కటీ తిరగలేదు. జర్మనీ అనే దేశమూ లేదు. 39 రాజ్యాలు, స్వతంత్ర నగరాలు కలిసిన ఒక వదులు కూటమి ఉండేది, అంతే.

ఆ పటం గీసిన ఫ్రెడరిక్ లిస్ట్ ఆర్థికవేత్త. వుర్టెంబర్గ్ రాజ్యంలో ప్రభుత్వ తీరును విమర్శించి హోహెనాస్పెర్గ్ కోటలో ఖైదు అనుభవించాడు. దేశం విడిచి పోతానంటే వదిలిపెట్టారు. 1825లో అమెరికా చేరి, పెన్సిల్వేనియా బొగ్గు గనుల దగ్గర రైలుమార్గం వేయించడంలో పాలుపంచుకున్నాడు. తిరిగొచ్చాక ఆయన పట్టుకున్నది ఒకటే మాట: ఈ రాజ్యాల మధ్య సుంకాల గోడలు పడిపోవాలి, పట్టాలు పడాలి. మొదటిది 1834 జనవరి 1న సుంకాల కూటమితో మొదలైంది. రెండోది మరుసటి ఏడాది.

1835 డిసెంబర్ 7న న్యూరెంబర్గ్ నుంచి పక్కనున్న ఫ్యూర్ట్‌కు మొదటి ఆవిరి బండి కదిలింది. దూరం ఆరు కిలోమీటర్లు. ‘ఆడ్లర్’ అనే ఆ ఇంజిను ఇంగ్లండులో స్టీఫెన్‌సన్ కర్మాగారంలో తయారైంది. నడిపిన విలియం విల్సనూ ఇంగ్లిషువాడే. బొగ్గు ఖరీదు కావడంతో తొలి సంవత్సరాల్లో చాలా ట్రిప్పులు గుర్రాలే లాగేవి. పాఠ్యపుస్తకాల్లో మొదటి స్థానం ఈ మార్గానిదే. కానీ దూరపు నగరాలను కలిపే ప్రయాణం మొదలైంది లైప్‌జిగ్–డ్రెస్డెన్ మార్గంతో. లైప్‌జిగ్ వర్తకులు కంపెనీ పెట్టి, వాటాలు అమ్మి, సుమారు 115 కిలోమీటర్ల దారి వేసి 1839 ఏప్రిల్‌లో పూర్తిగా తెరిచారు. ఆ దారి ఊహ లిస్ట్‌ది. అది పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఆయన పారిస్‌లో ఉన్నాడు. 1846లో కుఫ్‌స్టైన్ ఊళ్లో తనను తాను కాల్చుకుని చనిపోయాడు. ఆయన గీసిన మార్గాల్లో చాలావాటి మీద తర్వాత నిజంగానే రైళ్లు తిరిగాయి. ఇంతటి చూపున్న మనిషికి బతికుండగా దక్కింది ఎంత తక్కువో తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఫ్రాన్స్ మార్గాలు పారిస్‌లో మొదలై చక్రం ఆకుల్లా బయటికి పోతాయి. జర్మనీలో అలాంటి నడిబొడ్డు ఊరు లేదు. ప్రష్యా, బవేరియా, శాక్సనీ, బాడెన్ ఎవరి రైళ్లు వాళ్లు నడుపుకున్నారు. ఎవరి గడియారాలు వాళ్లవి: బవేరియాలో మ్యూనిక్ సమయం, బాడెన్‌లో కార్ల్స్‌రూహ సమయం, వుర్టెంబర్గ్‌లో స్టుట్‌గార్ట్ సమయం. 1871లో సామ్రాజ్యం ఏర్పడ్డాక కూడా ఇది మారలేదు. దేశమంతటికీ ఒకే సమయం 1893 ఏప్రిల్ 1 నుంచే అమల్లోకి వచ్చింది. 1915లో పూర్తయిన లైప్‌జిగ్ ప్రధాన స్టేషన్ చూస్తే ఆ కాలం రాతిలో కనిపిస్తుంది. అప్పటి 26 ప్లాట్‌ఫారాల్లో 1 నుంచి 13 ప్రష్యావి, మిగతావి శాక్సనీవి. ఒకే స్టేషన్‌కు రెండు ప్రవేశ మంటపాలు, రెండు యాజమాన్యాలు. 1920లో గానీ ఈ రాజ్యాల రైల్వేలన్నీ కలిసి ఒకటి కాలేదు.

కలిశాక వేగం పుంజుకుంది. 1933 మేలో మొదలైన ‘ఫ్లీగెండె హాంబర్గర్’ అనే డీజిల్ బండి బెర్లిన్ నుంచి హాంబర్గ్‌కు 286 కిలోమీటర్లు 138 నిమిషాల్లో వెళ్లేది. ఆ వేగాన్ని ఆ మార్గంలో దాటడానికి 1997 దాకా ఆగాల్సి వచ్చింది. మధ్యలో యుద్ధం, విభజన. అంతకంటే ఘోరం కూడా ఆ పట్టాల మీదే జరిగింది: లక్షల మంది యూదులను చావు శిబిరాలకు చేరవేసింది ఈ రైల్వేయే, ఈ టైమ్‌టేబుళ్ల ప్రకారమే. బెర్లిన్‌లోని గ్రూనెవాల్డ్ స్టేషన్ 17వ ప్లాట్‌ఫారం ఇప్పుడు వారి స్మారకం. ఈ చరిత్ర రాసేవాళ్లెవరూ దాన్ని దాటవేయకూడదు.

యుద్ధం తర్వాత పశ్చిమ జర్మనీకి కార్లు, విశాలమైన రహదారులు వచ్చాయి. విమానాలూ వచ్చాయి. రైలు ఖాళీ అవుతున్న సమయంలో, 1971 సెప్టెంబర్ 26న ‘ఇంటర్‌సిటీ’ మొదలైంది. నాలుగు మార్గాలు, రెండు గంటలకో బండి, మొదటి తరగతి మాత్రమే. అందులో అసలు గొప్పతనం వేగంలో లేదు, బండ్లు కలుసుకునే తీరులో ఉంది. మాన్‌హైమ్ స్టేషన్‌ను తీసుకుందాం. కొలోన్ వైపు నుంచి స్టుట్‌గార్ట్, మ్యూనిక్ వెళ్లే బండి ఒకటి. హాంబర్గ్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా బాసెల్ వెళ్లే బండి ఇంకొకటి. రెండూ ఇంచుమించు ఒకే సమయానికి ఒకే ప్లాట్‌ఫారం చెరో పక్కకు వచ్చి ఆగుతాయి. కొలోన్ నుంచి బాసెల్ వెళ్లాల్సిన మనిషి సామాను పట్టుకుని నాలుగడుగులు వేస్తే చాలు. మెట్లు లేవు, ఎదురుచూపులు లేవు. కొద్ది నిమిషాల్లో రెండూ కదిలిపోతాయి. ప్రతి నగరం నుంచి ప్రతి నగరానికీ నేరుగా బండి వేయకుండానే అన్నిటినీ కలపడం ఇలా సాధ్యమైంది. 1979 వేసవిలో గంటకో బండి అన్నారు, రెండో తరగతికీ తలుపు తెరిచారు. సామాన్యుడు టైమ్‌టేబుల్ చూడకుండా స్టేషన్‌కు వెళ్లే రోజు అప్పుడొచ్చింది. నా దృష్టిలో జర్మన్ రైలు చరిత్రలో అన్నిటికంటే పెద్ద సంవత్సరం అదే.

1991 జూన్‌లో ఐసీఈ అనే అతివేగ బండ్లు వచ్చాయి. హానోవర్–వుర్జ్‌బర్గ్, మాన్‌హైమ్–స్టుట్‌గార్ట్ మధ్య వేసిన కొత్త మార్గాల మీద అవి పరుగెత్తాయి. దేశం మళ్లీ ఒకటయ్యాక, 1994లో తూర్పు, పశ్చిమ రైల్వేలు కలిసి ‘డాయిష్ బాన్’ అయ్యాయి. 1998 జూన్ 3న ఎషెడె దగ్గర చక్రం చుట్టూ ఉన్న లోహపు కట్టు విరిగి ఒక ఐసీఈ పట్టాలు తప్పింది. 101 మంది చనిపోయారు. 2017 డిసెంబర్‌లో అన్నిటికంటే వేగమైన బండ్లలో బెర్లిన్–మ్యూనిక్ ప్రయాణం నాలుగు గంటల లోపుకు తగ్గింది.

అయితే బండ్లు ఒకదాన్ని ఒకటి అందుకునే ఏర్పాటులో ఒక ఆలస్యం ఒక్క బండితో ఆగదు. ఇవతలి పక్క బండి పది నిమిషాలు వెనకబడితే అవతలిది వెళ్లిపోతుంది, లేదా అదీ ఆగి తన వెనకవాటిని ఆపుతుంది. 2024లో దూరపు బండ్లలో సమయానికి వచ్చినవి 62.5 శాతమే. ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని అక్కడ ఆలస్యంగా లెక్కించరు, అయినా ఇంతే. పాత పట్టాలు, పాత సిగ్నళ్లు, రద్దీ జంక్షన్లు ఇందుకు కారణం.

ఇంకోవైపు టికెట్ చవకైంది. 2022 వేసవిలో మూడు నెలలు నెలకు 9 యూరోలకే దేశమంతా ప్రాంతీయ బండ్లలో తిరగనిచ్చారు. ఆ అనుభవంతోనే 2023 మేలో 49 యూరోల ‘డాయిష్‌లాండ్ టికెట్’ వచ్చింది. తర్వాత ధర పెరిగింది. ఐసీఈ, ఇంటర్‌సిటీ బండ్లలో ఇది సాధారణంగా చెల్లదు. చాలా విశ్వవిద్యాలయాలు దీన్నే తక్కువ ధరకు సెమెస్టర్ రుసుములో కలిపి ఇస్తాయి. అందుకే అక్కడ చదివే తెలుగు విద్యార్థులు సెలవు రోజున ప్రాంతీయ బండ్లు ఒకటి దిగి ఇంకొకటి ఎక్కుతూ ఊళ్లు చూస్తారు. సమయం పడుతుంది, అదనంగా ఒక్క యూరో పెట్టక్కర్లేదు.

మరమ్మతుకు ఇప్పుడు కొత్త పద్ధతి పట్టారు. బండ్లు తిప్పుతూనే అతుకులు వేయడం మాని, మార్గం మొత్తం నెలల తరబడి మూసేసి పట్టాలు, సిగ్నళ్లు, పాయింట్లు ఒకేసారి మారుస్తున్నారు. ప్రయాణికులకు కష్టమే, కానీ సరైన పని. 2024 జూలైలో ఫ్రాంక్‌ఫర్ట్–మాన్‌హైమ్ మార్గంతో మొదలుపెట్టి డిసెంబర్‌లో తిరిగి తెరిచారు. 2025 ఆగస్టులో హాంబర్గ్–బెర్లిన్ మార్గాన్ని మూసి పనులు ప్రారంభించారు.