గొలుసు, తట్ట, గుండ్లకమ్మ

మాఘ ఫాల్గుణములందు గుంటూరు నుండి ఒంగోలునకు పోవువారికి, నల్లరేగడి చేలలో చివరి తీతకు మిగిలిన పత్తి తెలుపును, కళ్ళములలో ఎండుచున్న మిరప యెరుపును చూచుచుండగనే ప్రొద్దు గడచిపోవును గాని, మద్దిపాడు ప్రాంతమున వంతెన క్రింద సన్నగిలి పారుచున్న గుండ్లకమ్మను తొంగిచూచువారు మిక్కిలి అరుదు. ఆ యేటి యొడ్డున, వెల్లంపల్లి చెంత, 1878 జులై 3వ తేదీన ఉదయము మొదలు సాయంకాలము లోపల 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ వార్త సముద్రములు దాటిపోయి నాటి క్రైస్తవలోకమును విస్మయపరచెను. సంఖ్యలకు ఆశ్చర్యపడుట సులభము. ఆ యొక్క పగటికి వెనుకనున్న పదునైదు నెలల నిరీక్షణమును, దానికిని వెనుకనున్న ఇరువురి యౌవనమును పరిశీలించిననే గాని, ఆ విశ్వాసము ఏ నేలలో వేరూనినదో తెలియరాదు.

ఇరువురిలో మొదటివాడు జాన్ ఎవరెట్ క్లౌ. 1836లో న్యూయార్కు రాష్ట్రమున పుట్టిన ఈతని బాల్యము, కుటుంబముతోపాటు పడమటి ప్రాంతములకు వలసపోవుటతో గడచెను. మీసములు మొలచు వయస్సున మిన్నెసోటా అడవులలో భూమి కొలుచు బృందమున జేరి, మంచులోను బురదలోను గొలుసు లాగుచు, ఒక్క యడుగు తప్పినచో సరిహద్దంతయు తప్పునన్న పాఠమును ఒంటికి పట్టించుకొనెను. మతమునం దాతనికి తొలుత ఆసక్తి లేకుండెను. అయోవాలోని బర్లింగ్టను విద్యాలయమున చదువుచుండగా, తోడి విద్యార్థి గదిలో ప్రార్థన చేయుటను సహింపక, సుద్దముక్కతో గది నడుమ గీత గీసి, ప్రార్థనలన్నియు గీతకు ఆవలనే సాగవలెనని శాసించినాడట! కొలతలవానికి గీత యనిన నంత గురి. తుదకు ఆ గీతను దాటినవాడును తానే. దాటిన పిమ్మట క్రైస్తవ బోధకుడై, 1866లో భార్య హారియెట్టుతో ఒంగోలు చేరెను.

రెండవవాడు యెర్రగుంట్ల పేరయ్య. కనిగిరి వైపునున్న తాళ్ళకొండపాడు ఈతని గ్రామము, మాదిగ కులము, తోళ్ళ వ్యాపారము జీవనము. తంగేడు చెక్క నీటిలో దినముల తరబడి నానిననే గాని తోలు పదును పట్టదని యెరిగిన యింట పుట్టినవాడు. ఊరి గుడిలోనికి అడుగిడ నోచుకొనని ఈతడు, రాజయోగ సంప్రదాయపు గురువుల నాశ్రయించి, శ్వాసను నిలుపుటయు, మనస్సును నిలుపుటయు అభ్యసించి, తానును గురువై శిష్యులను సంపాదించెను. వ్యాపారార్థము ఉత్తరమునకు పోయినపుడు క్రీస్తు వార్త చెవిని బడగా, దాని జాడ బట్టి నడచి ఒంగోలు చేరి, 1866లోనే బాప్తిస్మము పొంది, క్లౌ దొరను తన యూరికి రప్పించుకొనెను. ఆ ప్రాంతపు మాదిగపల్లెలలో ఆ మతము వ్యాపించినది దొర ఉపన్యాసముల వలనకంటె పేరయ్య కాలినడకల వలననే హెచ్చు.

ఆ మతమున చేరినవారికి విధింపబడిన నియమములు మూడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను కొలువరాదు. వినుటకు స్వల్పములు, ఆచరణమున నిప్పుల నడక. పిలిచినపుడు పోవుటయు, జాతరలో డప్పు కొట్టుటయు, పడిన గొడ్డును ఈడ్చుటయు తరతరముల విధిగా నుండగా, పల్లెలోని పడుచువాడు ‘ఈ దినము రాను, నేను కొట్టను’ అని నిలుచుట ఊరిపెద్దలకు తిరుగుబాటుగా తోచెను. నీళ్ళకు అడ్డు తగిలిరి, అంగళ్ళలో సరుకు నిరాకరించిరి, కూలి మాన్పించిరి. ఆ కష్టమును భరించుచు నియమమును విడువనివారే తొలినాటి సంఘమైరి.

ఇంతలో 1876లో వానలు తప్పెను. ధాత నామ సంవత్సరపు కరవు వచ్చిపడెను. ఆకలి వెనుక విషూచి వచ్చెను. ప్రభుత్వము కరవు పనిగా బకింగుహాము కాలువను త్రవ్వించుచుండగా, పల్లెల జనము ఇతర గుత్తదారుల దయకు విడువబడరాదని, క్లౌ దొర తానే మూడున్నర మైళ్ళ కాలువను గుత్తకు గైకొనెను. మిన్నెసోటాలో నేర్చిన కొలత పని ఒంగోలు తీరమున అన్నము పెట్టెను. పురుషులు పలుగుతో త్రవ్వగా, స్త్రీలు తట్టలతో మట్టి మోయగా, బోధకులే మేస్త్రీలై, విశ్రాంతి వేళల జనము నడుమ కూర్చుండి సువార్తను వివరించిరి.

బాప్తిస్మ మిమ్మని వేలమంది యడిగిరి. కరవు సాయము నడచినంత కాలము ఈయనని దొర పట్టుబట్టెను. అన్నము కొరకు వచ్చినవారెవరో, దేవుని కొరకు వచ్చినవారెవరో తేల్చుటకు కాలముకంటె నమ్మదగిన గొలుసు ఆతనికి దొరకలేదు. కాలువ ముగిసెను, కూలి ఆగెను, ఇక ఇచ్చుటకు ఏమియు లేదని చెప్పినను జనము తరలిపోలేదు. అప్పుడు గదా గుండ్లకమ్మలో దిగినది! బోధకులు ఆరుగురు, ఇద్దరిద్దరు వంతులవారీగా నీటిలో నిలిచి బాప్తిస్మ మిచ్చిరి. దొర ఒడ్డున నిలిచి ఏర్పాట్లు చూచుచుండెను.

కష్టము విశ్వాసమును పుట్టించునని ఉపదేశకులు సులభముగా పలుకుదురు. కష్టమే చాలునేని, ఈ పల్లెలవారు వేయేండ్ల క్రితమే మహాభక్తులై యుండవలసినది. కరవు మనుష్యుని వంచును, చంపును. వెట్టి ఒడలిని అలవరచునే గాని ఆత్మను లేపదు. పరులు మెడపై మోపినది నిర్బంధము. తాను మెడ వంచి యెత్తుకొన్నది నియమము. రెండును బరువులే యైనను, రెండవదానిని మోయువాడు నిటారుగా నడచును. డప్పును దించిన చేతికి ఆ భేదము తెలియును.

ఈ భేదమునకు మరియొక సాక్షి అదే యేటికి ఎగువన, వినుకొండలో, 1895లో జన్మించెను. కవి గుఱ్ఱం జాషువ బడిలో అంటరానితనమును చవిచూచెను. బ్రతుకుతెరువునకై రాజమహేంద్రవరమున మూకీ చిత్రములకు కథ వినిపించెను. గుంటూరు లూథరన్ శిక్షణ పాఠశాలలో ఉపాధ్యాయత్వము చేసెను. క్రైస్తవుడవు, నీకు కావ్యమేల యని కొందరు పండితులును, పురాణములు నీకేల యని కొందరు క్రైస్తవులును నిందింపగా, ఇరువురి నడుమ ఒంటరిగా నిలిచెను. ఆయన రచించిన ‘క్రీస్తు చరిత్ర’ కావ్యమునకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమి పురస్కారము లభించెను. ఆయన యౌవనమునకు మూడు నియమములను ఏ దొరయు విధింపలేదు. పద్యమను నియమమును తానే యెన్నుకొని, గణము తప్పక, యతి తప్పక, కొలత గొలుసు లాగినవాని వలె అడుగడుగును సరిచూచుకొనుచు, తన ప్రభువు కథను చెప్పెను.