పొలుసుల మందు, ఊపిరి లెక్క
భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన పరిశోధన నుంచే, కణవిభజనకు అవసరమైన ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్ పనిని అడ్డుకునే అమినోప్టెరిన్ అనే మందు వెలువడగా, వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో దానితో పసిపిల్లల రక్తక్యాన్సర్ తాత్కాలికంగానైనా తగ్గుతుందని చూపాడు. ఇదే మందు సోరియాసిస్‌కూ పనిచేసింది. సోరియాసిస్ అంటే చర్మకణాలు మితిమీరిన వేగంతో పుట్టి, ఎర్రని మచ్చలపై వెండిరంగు పొలుసులుగా పేరుకునే వ్యాధి; 1951లో వైద్యుడు గుబ్నర్ బృందం కీళ్లవాతానికి ఈ మందు ఇచ్చి చూస్తుండగా ఆ పొలుసులు రాలిపోయాయి, అంటే చర్మవైద్యానికి ఇది వెతకని చోట దొరికిన వరమే. తరువాత అమినోప్టెరిన్ స్థానాన్ని అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్ ఆక్రమించింది.

అయితే మెథోట్రెక్సేట్ కొందరిలో న్యుమోనైటిస్‌కు, అనగా ఊపిరితిత్తుల గాలిసంచుల గోడలు వాచే స్థితికి, కారణమవుతుందని 1960ల చివర రక్తక్యాన్సర్ రోగుల్లో గుర్తించారు. పొడిదగ్గు, జ్వరం, మెట్లెక్కితే ఆయాసం దాని తొలి జాడలు గనుక మామూలు జలుబుగా పొరబడటం సులువు. కీళ్లవాత రోగులతో పోలిస్తే సోరియాసిస్ రోగుల్లో ఇది అరుదు. అయినా అనుమానం కలిగితే వైద్యులు మందును వెంటనే ఆపి ఎక్స్‌రే, సీటీ పరీక్షలు చేయిస్తారు.