విరాటరాజు దిబ్బ

బోనకల్లు స్టేషనులో ఉదయం బండి ఎక్కిన ఒక కుటుంబం ఖమ్మంలో దిగి, అక్కడినుండి కోదాడ పోయే బస్సులో నేలకొండపల్లి చేరింది. నాయనమ్మ, తల్లిదండ్రులు, తొమ్మిదవ తరగతి చదివే అమ్మాయి, ఆమె తమ్ముడు. నాయనమ్మ దృష్టిలో అది భక్తరామదాసుగా పేరొందిన కంచెర్ల గోపన్న పుట్టిన ఊరు. ముందుగా ఆ ముచ్చట తీర్చుకొని, తరువాత అందరూ ఊరి వెలుపల ఉన్న దిబ్బల వైపు నడిచారు.

పొలాల నడుమ పెద్ద మట్టి కట్ట ఒకటి వంపు తిరిగి సాగుతుంది. తెలియనివారు దానిని చెరువుకట్ట అనుకొంటారు. అది ఒక నగరం చుట్టూ పోసిన మట్టికోట. దాని లోపలి విస్తీర్ణం సుమారు 100 ఎకరాలు. కొంత దూరంలో ఇటుకతో కట్టిన బ్రహ్మాండమైన గుండ్రని కట్టడం ఉన్నది. అమ్మాయి అక్కడ నిలబడి ఇది బౌద్ధస్తూపమని చెప్పింది. నాయనమ్మ ఒప్పుకోలేదు. "స్తూపమేమిటే? ఇది విరాటరాజు గద్దె. పాండవులు ఏడాదిపాటు ఇక్కడనే దాగి ఉన్నారు. కీచకుణ్ణి భీముడు చంపింది ఇక్కడనే" అన్నది. ఆమె ఆ మాట తన అత్తగారి నోట విన్నది. ఆమె అత్తగారు మరొక పెద్ద నోట విని ఉంటుంది. బడిలో చదివిన రెండు పేజీల పాఠం ఇంతమంది సాక్ష్యానికి ఎట్లు ఎదురు నిలుస్తుంది?

ఈ తగాదా తీర్చదగినదే. అయితే దానికి ముందు, విరాటరాజు పేరు ఈ దిబ్బకు ఎందుకు వచ్చిందో ఆలోచించవలసి ఉన్నది.

భారతంలో విరాటుడు మత్స్యదేశపు రాజు. కౌరవ సైన్యం హస్తినాపురంనుండి తరలివచ్చి అతని ఆవుల మందలను తోలుకొనిపోబోయిందని కథ. అంటే ఆ రాజ్యం హస్తినాపురానికి చేరువలోనే ఉండాలి. చరిత్రకారులు మత్స్యదేశాన్ని నేటి రాజస్థాన్‌లో, జయపురానికి ఉత్తరాన ఉన్న బైరాట్ ప్రాంతంగా గుర్తించారు. నేలకొండపల్లి అక్కడికి వెయ్యి కిలోమీటర్లకు పైబడిన దూరం. కర్ణాటకలోని హానగల్లును కూడ విరాటనగరమని చెప్పుకొంటారు. నేపాళంలో ఆ పేరుతోనే ఒక పట్టణం ఉన్నది. ఒక్క రాజుకు ఇన్ని రాజధానులు ఉండటం కుదరదు కదా!

ఇందులో ఒక చిత్రమైన విషయం ఉన్నది. పాండవులు చేసినది అజ్ఞాతవాసం. ఎవరికీ కనబడకుండా గడిపిన సంవత్సరం కాబట్టి, వారు ఎక్కడ ఉన్నారని చెప్పినా కాదనగలవారు లేరు. ఇక తెలుగువారికి విరాటపర్వంపై ఉన్న మక్కువ ప్రత్యేకమైనది. పదమూడవ శతాబ్దంలో తిక్కన భారతాన్ని తెలుగు చేయడం ఆ పర్వంతోనే ఆరంభించాడు. వానలు పడనప్పుడు ఊళ్ళలో విరాటపర్వం చదివించే ఆచారం ఉండేది. ఏటేటా ఆ కథ వింటూ వచ్చిన రైతుకు, తన నాగలి కింద జానెడు మందపు ఇటుక గోడ తగిలితే, దానికి ఏ పేరు తోచుతుంది? ఇట్లే భద్రాచలం వైపు అడవులలో, గోదావరి పొడవునా, ఇనుపయుగపు మనుషులు పెద్ద బండలతో కట్టిన సమాధులను అక్కడివారు రాక్షసగుళ్ళు అన్నారు. అంతటి బండలను మామూలు మనుషులు ఎత్తలేరని వారి ఊహ. ఆ ఊహను నవ్వులాటగా తీసుకోరాదు. ఇది నేటిది కాదు, మనవాళ్ళు కట్టినది కాదు అన్న సంగతిని వారు సరిగానే పసిగట్టారు. తప్పిపోయినది కాలమూ, కట్టినవారి పేరూ మాత్రమే.

ఆ రెండింటిని తేల్చే పని పురావస్తు శాస్త్రానిది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పురావస్తు శాఖవారు 1970 తరువాతి దశకాలలో ఇక్కడ తవ్వకాలు జరిపారు. మహాస్తూపం, భిక్షువులు నివసించిన విహారాల ఇటుక గోడలు, బావులు, నీటి తొట్లు బయటపడ్డాయి. మట్టిబొమ్మలు, కంచు బుద్ధవిగ్రహం, సున్నపురాతిలో చెక్కిన చిన్న స్తూపం దొరికాయి. వీటిని బట్టి ఇక్కడ క్రీస్తుశకం మూడు, నాలుగు శతాబ్దాలలో బౌద్ధకేంద్రం ఒకటి వర్ధిల్లినట్లు తేలింది.

కాలం తేల్చడమెట్లు? నాయనమ్మ కూడ అదే అడిగింది: "ఇటుక మీద తేదీ రాసి ఉంటుందా?" ఒక విధంగా రాసి ఉంటుంది. ఆనాటి కృష్ణాతీరపు ఇటుక మన నేటి ఇటుక వంటిది కాదు. నాగార్జునకొండలో వాడిన ఇటుక 20 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం. రెండు చేతులా ఎత్తవలసిన వస్తువు. తరువాతి కాలపు ఇటుకలు చిన్నవవుతూ వచ్చాయి. కాబట్టి ఇటుక కొలత చూసి అనుభవజ్ఞుడు సుమారుగా శతాబ్దం చెప్పగలడు. ఆ ఇటుకతోపాటు అదే పొరలో నాణెం దొరికితే అంచనాకు బలం వస్తుంది. బొగ్గు ముక్క గాని, ఎముక గాని దొరికితే దానిలో మిగిలిన రేడియో కార్బన్‌ను కొలిచి కాలం లెక్కించవచ్చును.

ఇక్కడ "అదే పొరలో" అన్న మాట ముఖ్యం. ఒక ఊరిపై దుమ్ము, బూడిద, కూలిన గోడల మట్టి, ఒకదానిమీద ఒకటి పేరుకొంటాయి. అడుగున ఉన్నది ముందటిది, పైన ఉన్నది తరువాతిది. ఆ పొరనుండి ఊడదీసి ఇంటికి తెచ్చిన ఇటుక ఇటుకగానే మిగులుతుంది. దానికి ఎంత వయస్సున్నా, ఆ దిబ్బను గూర్చి అది చెప్పగలిగినది చాలవరకు పోతుంది.

కట్టినవారిని గూర్చి ఇరుగుపొరుగు స్తూపాలు కొంత చెబుతాయి. నేలకొండపల్లికి దక్షిణంగా, కృష్ణకు ఉత్తరాన, జగ్గయ్యపేట వద్ద మరొక స్తూపం ఉన్నది. ఆ కొండను జనం ధనబోడు అన్నారు. లోపల ధనం ఉన్నదని ఆశ! 1882లో జేమ్స్ బర్జెస్ అక్కడ పరిశోధన చేసినప్పుడు దొరికిన ధనం స్తంభాల మీది శాసనం. అది ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని ఇరవయ్యవ రాజ్యసంవత్సరానిది. వేయించినవాడు రాజు కాడు, మంత్రి కాడు. నాగచంద్రుడనే శిల్పి కుమారుడు సిద్ధార్థుడు. తన కుటుంబంతో కలిసి మహాచైత్యపు తూర్పు ద్వారం వద్ద అయిదు ఆయక స్తంభాలు నిలిపాడు. ఈ అయిదు స్తంభాలు బుద్ధుని జీవితంలోని అయిదు ఘట్టాలకు గుర్తులు. ఇటువంటి ఆయక స్తంభాలు ఆంధ్రదేశపు స్తూపాల ప్రత్యేకత.

ఇక్ష్వాకుల ఇంటి సంగతి మరీ ఆసక్తికరమైనది. వంశకర్త శాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. అతని చెల్లెలు శాంతిశ్రీ నాగార్జునకొండ మహాచైత్యానికి గొప్ప దాత. ఒకే ఇంట్లో రెండు నమ్మకాలు. నాయనమ్మ విరాటుడూ, మనుమరాలి బుద్ధుడూ ఒకే దిబ్బను పంచుకొనడం ఈ నేలకు కొత్త కాదు.

ఇట్టి పొరపాట్లు పామరులే చేస్తారనుకొంటే, పెరూ దేశంలోని ఇంకాల నగరం మాచు పిచ్చు కథ వినవలసి ఉన్నది. ఆండీస్ పర్వతాలలో, సముద్రమట్టానికి 2,430 మీటర్ల ఎత్తున ఉన్న ఆ శిథిల నగరానికి అమెరికా పండితుడు హైరమ్ బింగ్‌హామ్ 1911 జూలై 24న చేరాడు. దానిని లోకం "కనుగొనడం" అన్నది. నిజానికి మెల్చోర్ ఆర్తియాగా అనే స్థానిక రైతు అతనికి దారి చూపాడు. పైన రైతు కుటుంబాలు ఇంకాలు కట్టిన మెట్ల పొలాలలోనే పంట పండించుకొంటున్నాయి. ఆ ఇళ్ళలోని ఒక పిల్లవాడు పొదల మధ్య గోడలను బింగ్‌హామ్‌కు తిప్పి చూపించాడు. అంతకు తొమ్మిదేళ్ళ ముందే, 1902లో, అగస్తీన్ లిజారాగా అనే మరొక స్థానికుడు ఒక గోడపై తన పేరు కూడ రాసి పోయాడు.

బింగ్‌హామ్ చదువుకొన్నవాడే. అయినా దిబ్బను చూడగానే ఆయనకూ ఒక కథ తోచింది. స్పానిష్‌వారికి లొంగని ఇంకా రాజులు చివరకు తలదాచుకొన్న విల్కబంబ ఇదేనన్నాడు. ఆయన బృందం తవ్వి తీసిన అస్థిపంజరాలలో చాలవరకు స్త్రీలవేనని వారి నిపుణుడు తేల్చాడు. దానితో ఇది సూర్యదేవుని కన్యల ఆశ్రమమన్న కథ పుట్టింది. రెండూ నిలువలేదు. విల్కబంబ మరొకచోట, దిగువ అడవిలో ఉన్నదని తరువాత రుజువైంది. ఎముకలను తిరిగి పరీక్షించినప్పుడు స్త్రీలూ పురుషులూ తగుపాళ్ళలో ఉన్నారని, పిల్లలు కూడ ఉన్నారని తెలిసింది. పదహారవ శతాబ్దపు పాత కాగితాల ఆధారంతో, అది పచకుతి అనే ఇంకా చక్రవర్తి విడిది అని నేడు ఎక్కువమంది అంగీకరిస్తారు. 2021లో వెలువడిన రేడియో కార్బన్ లెక్కల ప్రకారం అక్కడ సుమారు 1420 నుండే జనం ఉన్నారు. అంటే నేలకొండపల్లి స్తూపం కట్టినవారికి మాచు పిచ్చు కట్టినవారు వెయ్యేళ్ళ తరువాతివారు!

బింగ్‌హామ్ ఊహలను సరిదిద్దగలగడానికి కారణం ఒకటే. గోడలు కదలలేదు. ఎముకలు, పెంకులు యేల్ విశ్వవిద్యాలయానికి తరలిపోయినా, పారేయకుండా దాచారు. అందుకే మళ్ళీ పరీక్షించడం సాధ్యమైంది. ఒక శతాబ్దం గడిచాక అవి పెరూకు తిరిగి చేరాయి.

మన అమరావతికి ఆ అదృష్టం లేదు. దీపాలదిన్నె అని పిలిచే దిబ్బను పద్దెనిమిదవ శతాబ్దం చివర, వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కొత్త పట్టణం కట్టిస్తున్న కాలంలో, ఇటుకలకూ రాళ్ళకూ తవ్వారు. 1797లో కర్నల్ మెకంజీ చూసేనాటికే దాని నడిబొడ్డు చెదిరిపోయింది. 1816లో తిరిగి వచ్చి చిత్రాలు గీయించేనాటికి దిబ్బ మధ్య గుంటగా మారింది. మిగిలిన శిల్పాలు మద్రాసు, లండను మ్యూజియములలో ఉన్నాయి. అవి ఎంత అందమైనవైనా, వాటిలో ఎన్నో ఫలకాలు స్తూపంలో సరిగా ఏ చోట ఉండేవో చెప్పడానికి పండితులు నేటికీ తర్జనభర్జన పడుతున్నారు. భట్టిప్రోలులోను అంతే. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడ ధాతుకరండాలు వెలికి తీసేనాటికే స్తూపపు రాళ్ళు చాలవరకు కాలువ పనులకు పోయాయి.

నేలకొండపల్లిలో ఎండ దిగిన తరువాత కుటుంబం బస్సుకోసం బయలుదేరింది. చిన్నవాని చేతిలో మట్టికట్ట పక్కన ఏరిన పెంకు ముక్క ఒకటి ఉన్నది. అక్క దానిని లాక్కోబోయింది. వాడు ఇవ్వలేదు. చివరకు నాయనమ్మ కలుగజేసుకొని, "విరాటరాజు సొమ్ము మనకెందుకురా?" అని ఆ ముక్కను తీసుకొని, వాడు ఏరిన చోటు వాడిచేతనే చూపించుకొని, అక్కడనే పెట్టి వచ్చింది.