నవ్వులపాలైనవాని గెలుపు



పండుగ సంచికకు చరిత్ర వ్యాసం వ్రాయవలసిందని సంఘం పెద్దలు అడిగినప్పుడు, పావగడవాడు గనుక అక్కడి కోటను గురించి వ్రాస్తాడని మిత్రులు అనుకొన్నారు. కోటను గూర్చి చెప్పగల పండితులు వేరే ఉన్నారు. మెట్రిక్కుతో చదువు చాలించి రైల్వే గుమాస్తాగా ఉన్న నేనెరిగిన చరిత్ర మరొకటి. మనమందరం చూసి నవ్వుకొన్న రెండు చలనచిత్రాల చరిత్ర అది.

ముందుగా మా తాలూకా సంగతి మనవి చేయాలి. పావగడ కర్ణాటకలోని తుమకూరు జిల్లాకు చెందినదే అయినా, మూడు ప్రక్కలా ఆంధ్రదేశమే. ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడం. చిన్ననాడు బడిలో నా కన్నడానికి తెలుగు యాస ఉన్నదని నవ్వేవారు. హిందూపురం బంధువుల ఇంటికి పోతే నా తెలుగుకు కన్నడపు యాస ఉన్నదని నవ్వేవారు. అటువంటి కుర్రవానికి, నవ్వులపాలైనవాడు చివరకు గెలిచే కథ ఎంత తియ్యగా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

1999 జూలై 15న విడుదలైన "తమ్ముడు" అటువంటి కథే. దర్శకుడు పి. ఎ. అరుణ్ ప్రసాద్, నాయకుడు పవన్ కళ్యాణ్. అన్న కిక్ బాక్సింగ్ వీరుడు; తమ్ముడు పనీపాటా లేని అల్లరివాడు. మొదట మన నవ్వంతా వాని మీదనే. ప్రత్యర్థుల దెబ్బలకు అన్న మంచాన పడగా, తమ్ముడు సాధన చేసి అన్నకు బదులు బరిలో దిగి గెలుస్తాడు.

దీనికి ప్రేరణ 1992 నాటి హిందీ చిత్రం "జో జీతా వోహీ సికందర్". అందులో పందెం సైకిళ్ళది. మనవారు సైకిలు తీసి కిక్ బాక్సింగ్ పెట్టారు. ఈ క్రీడ 1960 దశకంలో జపానులో, కరాటేనూ థాయి ముష్టియుద్ధాన్నీ కలపగా రూపొందినది. ఈ మార్పు చక్కగా అతికినది. సైకిలు పందెంలో కనబడేది ఎదుటివాని వీపు. బరిలో కనబడేది ముఖం. నిన్న మనలను చూసి నవ్విన ముఖమే నేడు ఎదుట నిలుస్తుంది.

2001లో ఈ కథ కన్నడంలో "యువరాజ" అయినది. శివరాజ్ కుమార్ నటించగా, మన పూరి జగన్నాథ్ దర్శకత్వం వహించారు. ఆ ఏడే అరుణ్ ప్రసాద్ దానిని విజయ్‌తో తమిళంలో "బద్రి"గా తీశారు. 2003లో జగన్నాథ్ రవితేజతో "అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి" తీశారు. తల్లి పెంపకంలో పెరిగిన కొడుకు, ఆమె మరణించాక, ఏనాడో వేరైన తండ్రిని చేరుతాడు. ఆ తండ్రి కిక్ బాక్సింగ్ శిక్షకుడు. మరుసటి ఏడు అదే కథ కన్నడంలో పునీత్ రాజ్ కుమార్‌తో "మౌర్య" అయినది. ఆ విధంగా తెలుగున పుట్టిన రెండు కథలు డాక్టర్ రాజ్ కుమార్ గారి ఇద్దరు కుమారులకు చెందాయి. పునీత్ 2021లో పరమపదించినా, మా తాలూకాలో ఆయన పేరు చెబితే ఇరుభాషలవారూ కన్నీరు పెడతారు.

ఆ కథలు పొలిమేర దాటినప్పుడు "నీ యాస ఏమిటి?" అని వాటిని ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్నలు మనుషులకేగాని కథలకు లేవు కాబోలు!

ఈ చిత్రాలలో ఒక లోపమున్నది. సాధనంతా ఒక్క పాటలో ముగిసిపోతుంది. గరిడీలలో దండేలూ బస్కీలూ తీసినవారికి తెలుసు, ఒక్క పట్టు చేతికి రావడానికి ఎన్ని తెల్లవారుజాములు కావాలో. భాష కూడా అంతే.

కాబట్టి నా మనవి ఒక్కటే. వలస వచ్చిన ఈ ఊరిలో పుట్టిన మన పిల్లలు ఉగాదినాడు వేదికనెక్కి తడబడుతూ తెలుగు పద్యం చదువుతారు. ళకారం పలకదు, ఒత్తు జారిపోతుంది. అప్పుడు దయచేసి నవ్వవద్దు. సినిమాలో నవ్విన ప్రేక్షకునికి చివరకు చప్పట్లు కొట్టే అవకాశమున్నది. ఇక్కడ నవ్వితే, ఆ బిడ్డ మరల వేదిక ఎక్కకపోవచ్చును.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు.